కళాశాల వెబ్‌సైటు – క్రొత్త కూర్పు – మన కర్తవ్యము

కళాశాలకు ద్వారములు రెండు. మొదటిది మనకందరకు తెలిసినదే. ఇనుప గేటు, ప్రక్కన వాచ్‌మన్ కుర్చీ, పైన ఉర్దూలోను, తెలుగులోను, ఆంగ్లములోను వ్రాసిన పేరు. రెండవది గోడలు లేని ద్వారము. ఆళ్లగడ్డలోనో, సిరివెళ్లలోనో, చాగలమర్రిలోనో ఒక తండ్రి తన కుమార్తెను ఏ కళాశాలలో చేర్పింపవలెనా యని ఆలోచించుచు, చేతిలోని ఫోనులో మన పేరు వెదకినపుడు తెరచుకొను ద్వారమది. మొదటి గేటునకు రంగు వెలిసినచో కమిటీవారు వేసవి సెలవులలో రంగు వేయింతురు. రెండవ గేటునకు తుప్పు పట్టినను లోపల నున్న మనకు కనబడదు. బయట నిలిచినవానికి మాత్రమే కనబడును.

కొన్ని సంవత్సరములుగా ఆ రెండవ ద్వారపు తాళపుచెవి నాయొద్ద నున్నది. నేను కంప్యూటరు శాస్త్రము చదివినవాడను కాను, వాణిజ్యశాస్త్రము బోధించువాడను. నాకు ముందు ఆ పని చూచుచుండిన మిత్రుడు వేరొక ఉద్యోగమునకు పోవుచు, ఒక కాగితముమీద రెండు సంకేతపదములు వ్రాసి నా చేతిలో పెట్టెను. నాకు లభించిన శిక్షణ యంతయు ఆ కాగితమే. పని నడచినంత కాలము నడచినది. నడువని దినము వచ్చినపుడు నేను నేర్చుకొనిన దేమో, నేర్చుకొనని దేమో తెలిసివచ్చినది. ఆ సంగతియే విద్యార్థులకును కమిటీ పెద్దలకును విన్నవింపదలచితిని.

ఒక ఫోను పిలుపు

2023 నవంబరు నెలలో పరీక్ష దరఖాస్తులు సమర్పించుటకు కళాశాలలో మొదట ఒక తేదీ ప్రకటించితిమి. పిదప కార్యాలయపు సౌకర్యమునకై దానిని మూడు దినములు ముందునకు జరిపితిమి. మొదటి ప్రకటన ఆంగ్లములో నుండెను. రెండవ దానిని, అందరకు అర్థము కావలెనను సదుద్దేశముతో తెలుగులో వ్రాసి, డి.టి.పి. కేంద్రమున అచ్చునకు కూర్పించి, ఆ కూర్పునే తెచ్చి వెబ్‌సైటులో అతికించితిని. నా కంప్యూటరులో అది ముత్యాల కోవవలె కనబడెను. ఆ రాత్రి నిశ్చింతగా నిద్రించితిని.

మార్చిన గడువు ముగిసిన మరునాడు ఆళ్లగడ్డనుండి ఫోను వచ్చినది. మాటలాడినది మన విద్యార్థిని తండ్రి. రాతిపని చేసి జీవించువాడు.

“సార్, మా పాప సెల్లులో సూపిస్తాంది. ఇది తెలుగు గాదు, ఇంగ్లీషు గాదు, ఉర్దూ గూడా గాదు. యా బాస సార్ ఇది?”

నేను నా ఫోనులో తెరచి చూచితిని. ఆంగ్లాక్షరములు, ఆశ్చర్యార్థకములు, కుండలీకరణములు కలగాపులగముగా నున్నవి. దాని పైభాగమున మొదటి ప్రకటన, పాత తేదీతో, చెక్కుచెదరక నిలిచియున్నది. ఆ బాలిక చదువగలిగిన దానినే నమ్మినది. మరునాడు తండ్రీ కూతుళ్లు ఇరువురును దాదాపు 40 కిలోమీటర్లు బస్సులో వచ్చి, అపరాధ రుసుముతో దరఖాస్తు ఇచ్చిరి. అపరాధము నాది; రుసుము వారిది. ఆ సొమ్ము నేను చెల్లింతునన్నను ఆయన ఒప్పుకొనలేదు.

“దుడ్లదేముంది సార్. ఒక దినం పని పాయె. ఇంకొగరికి ఇట్ల గాకుండా సూడండి” అని మాత్రము చెప్పి పోయెను.

ఆ మాట నన్ను వదలలేదు.

జూమ్లా అనగా నేమి?

తెలియనివారికొరకు కొంచెము వివరింతును. పూర్వము వెబ్‌సైటులోని ప్రతి పుటను విడివిడిగా సంకేతభాషలో వ్రాయవలసియుండెను. ఆ శ్రమను తగ్గించుటకు విషయ నిర్వహణ వ్యవస్థలు పుట్టినవి. వీనిలో విషయ మొకచోట, రూప మొకచోట నుండును. మన వార్షిక సంచికనే తీసికొనుడు. వ్యాసము వ్రాయువారు అట్ట రంగును గూర్చి ఆలోచింపరు. అట్ట వేయువారు వ్యాసమును దిద్దరు. అట్లే ఇచ్చటను వ్రాసిన మాట ఒక భాండాగారమున భద్రపడును. దానికి తొడుగు రూపము వేరొక అరలో నుండును. రూపము మార్చినను మాట చెడదు. 2001లో వెలువడిన ద్రూపల్, 2003లో వెలువడిన వర్డ్‌ప్రెస్, 2005లో వెలువడిన జూమ్లా ఈ తెగలోనివే. మూడును ఉచితముగా లభించునవే. మన వెబ్‌సైటు జూమ్లామీద కట్టబడినది.

ఈ జూమ్లా అను పేరు మనవంటి కళాశాలవారు ప్రత్యేకముగా గమనింపదగినది. మాంబో అను వ్యవస్థను తయారుచేయుచుండిన నిపుణులు దాని యాజమాన్యముతో అభిప్రాయభేదము వచ్చి 2005 ఆగస్టులో వేరుపడిరి. తమ క్రొత్త కృషికి ఆఫ్రికాలోని స్వాహిలీ భాషనుండి ‘జుమ్లా’ అను పదమును ఎన్నుకొనిరి. ‘అందరును కలిసి’ యని దాని తాత్పర్యము. స్వాహిలీకి ఆ పదము అరబ్బీనుండి వచ్చినది. అదే పదము ఉర్దూలో వాక్యమునకును, మొత్తమునకును పేరైనది. మన పాత రెవెన్యూ లెక్కలలో కరణములు అడుగున వ్రాసిన ‘జుమలా’ కూడ అదియే. ఉర్దూ విద్యార్థికి వాక్యముగా, తెలుగు విద్యార్థికి మొత్తముగా తెలిసిన మాట, లోకమంతయు తిరిగి, కంప్యూటరు తెరమీద మనయింటికే వచ్చినది. అందరును కలిసి యను అర్థమున్న వ్యవస్థను మన కళాశాలలో ఒక్కడు, అదియు అరకొరగా, నడుపుచుండుట విచారింపదగిన విషయము కాదా?

ఈ వ్యవస్థను మనము ఎంత తెలియక వాడితిమో చెప్పుటకు ఒక్క ఉదాహరణము చాలును. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడినది. మన చిరునామాలో ‘కర్నూలు జిల్లా’ అని యున్నచోట ‘నంద్యాల జిల్లా’ అని మార్చవలసివచ్చినది. ఆ చిరునామా ఇరువదికిపైగా పుటల అడుగున, ప్రతి పుటలోను ప్రత్యేకముగా వ్రాయబడియుండెను. నేను రెండు సాయంకాలములు కూర్చుండి ఒక్కొక్కటి దిద్దితిని. అయినను మూడు పుటలు తప్పించుకొనినవి. జూమ్లాలో మాడ్యూలు అను నొక చిన్న పెట్టె కలదు. చిరునామాను దానిలో ఒక్కసారి వ్రాసి, అన్ని పుటల అడుగున కనబడునట్లు ఏర్పాటు చేసినచో, ఒక్క చోట మార్చిన అంతటను మారును. ఆ పెట్టె మొదటినుండియు నుండెను. దాని ప్రయోజనము నాకు తెలియదు.

చోటు మారినది, పని మారలేదు

జూమ్లా మూడవ కూర్పు 2012 సెప్టెంబరులో వెలువడినది. 2021 ఆగస్టు 17న నాల్గవ కూర్పు వచ్చినది. సరిగా రెండేండ్లకు, 2023 ఆగస్టు 17న, మూడవ కూర్పునకు మరమ్మతులు పంపుట నిలిపివేసిరి. అదే సంవత్సరము అక్టోబరు 17న అయిదవ కూర్పు వెలువడినది. అనగా ఆళ్లగడ్డనుండి ఫోను వచ్చునాటికి మనము మరమ్మతు చేయువాడు లేని యింటిలో కాపురముంటిమి. గోడ బీటవారినను వచ్చి చూచువాడు లేడు. దొంగకు ఏ కిటికీ వదులో తెలిసినను, దానిని బిగించు వడ్రంగి రాడు.

2024 వేసవికి ముందు ఆ గోడ నిజముగనే పడినది. వెబ్‌సైటునకు చోటు అద్దెకిచ్చినవారు తమ యంత్రములలోని పి.హెచ్.పి. భాషను క్రొత్త కూర్పునకు మార్చిరి. భద్రతకొరకు అది వారు చేయవలసిన పనియే. మన పాత కూర్పునకు తగిలించియున్న అనుబంధములు, ఏండ్ల తరబడి నవీకరింపబడనివి, ఆ మార్పునకు తాళలేకపోయినవి. మరునాటి ఉదయము మన ద్వారము తెరచినవారికి తెల్లని పుట తప్ప మరేమియు కనబడలేదు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనినట్లు, అప్పుడు నేను క్రొత్త కూర్పు నేర్చుకొనుటకు కూర్చుంటిని.

దారి ఇట్లుండెను. మొదట ఉన్నదంతయు నకలు తీసి దాచవలెను. దానికి అకీబా యను సాధనము కలదు. పిదప 3.10 అను మజిలీకి చేరవలెను. అచ్చట ఏ అనుబంధములు ముందునకు రాగలవో, ఏవి రాలేవో చూపు పూర్వపరీక్ష కలదు. రాలేనివానిని తొలగించి 4.4నకు, అచ్చటినుండి 5నకు పోవలెను. మూడవ కూర్పునకు తయారుచేసిన మన పాత రూపము క్రొత్తదానిలో పనిచేయదు. క్రొత్త రూపము తొడుగవలెను. ఇదంతయు అసలు వెబ్‌సైటుమీద గాక, దాని నకలుమీద చేసి చూచుకొనవలెను.

ఈ మెట్లు ఎక్కుట కష్టము కాలేదు. ఎక్కిన తరువాత ఇల్లు గుర్తుపట్టుటయే కష్టమైనది. మూడవ కూర్పులో ఆజ్ఞల వరుస తెర పైభాగమున అడ్డముగా నుండెడిది. క్రొత్తదానిలో అది ఎడమప్రక్కకు నిలువుగా వచ్చినది. ‘ఎక్స్‌టెన్షన్లు’ అను తలుపే మాయమై, దానిలోని సామగ్రి ‘సిస్టమ్’ అను గదిలోనికి పోయినది. నాయొద్ద ఒక నోటు పుస్తకముండెను. అందు “పైవరుసలో ఆరవ మాటను నొక్కుము, క్రిందికి జారిన పట్టికలో రెండవది నొక్కుము” అని వ్రాసికొనియుంటిని. ఆ పుస్తకము ఒక్క దినములో చిత్తుకాగితమైనది. నాకు కోపము వచ్చినది. ఉన్నదానిని ఉన్నట్లుంచక ఈ మార్పు లెందులకని తయారుచేసినవారిని తిట్టుకొంటిని.

ఆ సమయమున ఉర్దూ మాధ్యమమున చదివి మన కళాశాలలో చేరిన రెండవ సంవత్సరపు విద్యార్థి యొకడు నాకు సహాయముగా వచ్చెను. కొంతసేపు మౌనముగా నా వెదకులాట చూచి,

“సార్, మీరు ఎక్కడుందో వెదుకుతున్నారు. ఏం చేయాలనుకున్నారో చెప్పండి సార్” అనెను.

నేను చెప్పితిని. అతడు ఆ పని ఏ జాతిదో ఆలోచించెను. అది వ్రాతకు సంబంధించినదా, వ్రాతను చూపు పెట్టెకు సంబంధించినదా, యంత్రమునకు సంబంధించినదా? ఆ ప్రశ్నకు జవాబు దొరకిన వెంటనే తలుపు దొరకినది. పరీక్షార్థము అతడు నకలు వెబ్‌సైటులో పర్షియను భాషా సంపుటిని అమర్చెను. క్షణములో తెర యంతయు కుడి ఎడమలు తారుమారై, ఆజ్ఞల వరుస కుడిప్రక్కకు పోయినది. నేను మరల తెల్లబోయితిని. అతడు నవ్వి, “చోటు మారింది సార్, పని మారలేదు” అనెను. ఇరువది యేండ్లుగా పాఠములు చెప్పుచున్న నేను ఆ దినము ఆ యొక్క వాక్యమును పాఠముగా వ్రాసికొంటిని.

మరియొక సంగతి నన్ను సిగ్గుపడజేసినది. క్రొత్త కూర్పులో ప్రకటన వ్రాయుచుండగా, అది ఎప్పుడు కనబడవలెనో, ఎప్పుడు తొలగిపోవలెనో ముందే నిర్ణయించు రెండు గడులు చూచితిని. ఎంత మంచి సౌకర్యము తెచ్చిరని మెచ్చుకొంటిని. పాత నకలు తెరచి చూడగా ఆ రెండు గడులు దానిలోను ఉన్నవి! నేను ఏనాడును వానిని నింపలేదు. పాత ప్రకటన తనంతట తాను తొలగిపోవు ఏర్పాటు చేసియున్నచో, ఆ ఆళ్లగడ్డ బాలిక దానిని నమ్మియుండదు. నేను క్రొత్త కూర్పు రాదని బాధపడితిని. నిజమునకు నాకు పాత కూర్పును రాదు. పాతదానిలో బొత్తాముల చోట్లు మాత్రమే వచ్చును.

ఉలి చెప్పిన మాట

విద్యార్థులారా, ఇది వెబ్‌సైటునకు మాత్రమే చెందిన మాట కాదు. గైడులోని ప్రశ్నకు జవాబు కంఠస్థము చేసినవాడు, ప్రశ్నలోని మాటలు కొంచెము మారినచో పరీక్ష హాలులో ఏమగునో మీకు తెలియును. నా నోటు పుస్తకమును ఆ గైడు వంటిదే.

దీనికి వ్యతిరేకమైన విద్యను చూడవలెనన్న ఆళ్లగడ్డకే పోవలెను. దేవతా విగ్రహములు, నాయకుల ప్రతిమలు చెక్కు శిల్పుల పనిచోట్లు ఆ యూరికి పేరు తెచ్చినవి. ఒకప్పుడు అచ్చట వినబడునది ఉలిమీద సుత్తి పడు చప్పుడే. ఇప్పుడు దానితోపాటు కరెంటు కట్టరు రొదయు వినబడును. రాతి దుమ్ము తెల్లగా లేచును. ఒకనాడు ఆ విద్యార్థిని తండ్రిని కలసికొనుటకు పోయినపుడు, కట్టరు నేర్చుకొనుట కష్టముగా లేదా యని అడిగితిని. చేయి అలవాటు పడుటకు కొన్ని నెలలు పట్టినదనియు, విగ్రహము కొలత మాత్రము ఉలినాటిదే గదా యనియు ఆయన చెప్పెను.

ఆ కొలతయే తాళమానము. ముఖమును ప్రమాణముగా గొని, దేహము ఎన్ని తాళములుండవలెనో, అంగాంగమునకు ఎంత పాళ్లో శిల్పశాస్త్రము నిర్ణయించినది. అది తెలిసినవాని చేతిలో ఉలియైనను యంత్రమైనను ఒకే విగ్రహమును తీయును. అది తెలియనివానికి ఎంత గొప్ప యంత్రమిచ్చినను రాతిపొడి తప్ప మరేమియు రాలదు. వెబ్‌సైటు విషయమున తాళమానము ఏది? విషయము వేరు, రూపము వేరు అను వివేకము. ఒక్కచోట వ్రాసి పలుచోట్ల చూపవలెనను నియమము. పని కొక్కనికి ఎంత అధికారము కావలెనో అంతే ఇచ్చుట. మార్చుటకు ముందు నకలు తీయుట. ఈ నాలుగును మూడవ కూర్పులోను నిజమే, అయిదవ కూర్పులోను నిజమే, 2025 అక్టోబరులో వెలువడిన ఆరవ కూర్పులోను నిజమే.

రెండు లిపులు, ఒకే ద్వారము

ఇక ఆ తండ్రి అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పవలసియున్నది. ‘యా బాస ఇది?’

కంప్యూటరు లోపల ప్రతి అక్షరమునకును ఒక సంఖ్య యుండును. అను వంటి అచ్చు లిపులలో ఆంగ్లాక్షరముల సంఖ్యలకే తెలుగు అక్షరముల బొమ్మలు తొడిగియుందురు. ఆ లిపి యున్న కంప్యూటరులో వేషము నిలుచును. లేనిచోట వేషము జారి లోపలి ఆంగ్లము బయటపడును. ఆళ్లగడ్డలో కనబడినది ఆ వేషము జారిన తెలుగు. 1991లో వెలువడిన యూనికోడు మొదటి కూర్పునందే తెలుగు లిపికిని, ఉర్దూ వ్రాయు అరబ్బీ లిపికిని స్వంత సంఖ్యలు కలవు. ఆ పద్ధతిలో వ్రాసిన అక్షరము ఏ ఫోనులోనైనను తన రూపముననే కనబడును. కావున అచ్చు పుస్తకమునకు అచ్చు లిపి, వెబ్‌సైటునకు యూనికోడు అను భేదము మనలో వ్రాయువారందరకు తెలిసియుండవలెను.

ఉర్దూ సంగతి మరింత సూక్ష్మమైనది. నస్తాలీఖ్ వ్రాత వాలుగా క్రిందికి దిగుచు సాగును. ప్రతి అక్షరము ప్రక్క అక్షరమును బట్టి రూపము మార్చుకొనును. అందుచేతనే ఉర్దూ పత్రికలు చాలకాలము కాతిబుల చేతివ్రాతమీద ఆధారపడినవి. 1927లో మదరాసున స్థాపింపబడిన ‘ముసల్మాన్’ దినపత్రిక దశాబ్దముల తరబడి చేతివ్రాతతోనే వెలువడినది. 1981లో నూరీ నస్తాలీఖ్ కంప్యూటరునకు ఎక్కినది. 1994లో మనదేశమున ఇన్‌పేజ్ వచ్చినది. కాతిబు విద్య పోవునని ఆనాడు విలపించినవారి బాధ నిజమైనదే. కాని నస్తాలీఖ్ అందమును ఎరిగిన కాతిబుల చేతివ్రాతయే నూరీ నస్తాలీఖునకు ప్రాణము పోసినది. ఇచ్చటను చోటు మారినది, పని మారలేదు.

మన వెబ్‌సైటులో ఇంతకాలము ఉర్దూ ప్రకటనలను బొమ్మలుగా పెట్టుచు వచ్చితిమి. బొమ్మలోని మాటను వెదకిన దొరకదు. చూపులేని విద్యార్థికి ఫోను దానిని చదివి వినిపింపలేదు. చిన్న తెరమీద అక్షరము పెద్దది కాదు. జూమ్లాలో ఒకే వెబ్‌సైటు రెండు మూడు భాషలలో నడచు ఏర్పాటు 2011నుండియు కలదు. తెలుగు పుట ఎడమనుండి, ఉర్దూ పుట కుడినుండి తెరచుకొనును. ఒక పుటకు మరియొక భాషలోని జోడు పుటను ముడివేయవచ్చును. నాల్గవ కూర్పునుండి చూపులేనివారికిని, చేయి స్వాధీనములో లేనివారికిని అందుబాటులో నుండవలెనను శ్రద్ధ మరింత పెరిగినది. మన రాష్ట్ర శాసనసభ 2022లో ఉర్దూను రెండవ అధికారభాషగా గుర్తించు చట్టమును ఆమోదించినది. చట్టము ఇచ్చిన గౌరవమును మన ద్వారముననే మనము బొమ్మకట్టి నిలుపుట న్యాయము కాదు.

కొన్ని అభ్యంతరములు

మిత్రులు కొందరు చెప్పు అభ్యంతరములను త్రోసిపుచ్చలేను. ‘నడచుచున్నదానిని కదపనేల?’ అని మొదటిది. ఇది మన నంద్యాలవారి మాటయే కాదు, లోకమంతటి మాట. 2018 డిసెంబరు 6న వర్డ్‌ప్రెస్ అయిదవ కూర్పు, ఐరోపాలో విడి అచ్చక్షరముల ముద్రణకు ఆద్యుడైన గూటెన్‌బర్గు పేరుతో, క్రొత్త వ్రాతపలకను తెచ్చినపుడు వేలకొలది జనులు ఎదురుతిరిగి పాత పలకనే తిరిగి తగిలించుకొనిరి. ద్రూపల్ ఏడవ కూర్పును 2021 నవంబరులో విరమింపదలచి, వాడుకరులు కదలనందున గడువును పలుమార్లు పొడిగించి, చివరకు 2025 జనవరి 5న విరమించిరి. కావున మార్పునకు జంకుట అజ్ఞానము కాదు. ప్రతి మార్పును మేలేయని నేననను. క్రొత్తది వచ్చిన మొదటి దినమే పరుగెత్తనక్కరలేదు. కాని గడువు ఎప్పుడో తెలిసికొని, దానికి ముందే ఒక వేసవిని కేటాయించుట వివేకము. జూమ్లాలో ఇప్పుడు రెండేండ్లకొక పెద్ద కూర్పు వచ్చుచున్నది. ఒక్కొక్కదానికి నాలుగేండ్ల పోషణ కలదు. పంచాంగము చూచుకొనినట్లు చూచుకొనవచ్చును.

‘సొమ్ము ఇచ్చి బయటివానిచే చేయింపవచ్చును గదా?’ అనునది రెండవది. చేయింపవచ్చును. ఇల్లు కట్టుటకు మేస్త్రిని పిలుచుట తప్పు కాదు. తలుపు తీయుటకు కూడ ప్రతిదినము మేస్త్రిని పిలువవలసివచ్చుట తప్పు. ‘వాట్సాప్ బృందము చాలును’ అనునది మూడవది. బృందములో నున్నవారికి అది చాలును. ఇంకను చేరనివాడు, పాతదానిని వెదకువాడు, చదువు ముగించి పోయినవాడు దానిలో లేరు. పైగా న్యాక్ వారు 2017లో మూల్యాంకన పద్ధతిని సవరించినప్పటినుండి కళాశాల తన పత్రములను వెబ్‌సైటుద్వారా చూపవలసియున్నది. ఆ పత్రములు కనబడకపోయిన మన కృషియు కనబడదు.

విన్నపము

కమిటీ పెద్దలకు నా ప్రార్థన చిన్నది. తాళపుచెవి ఒక్కని జేబులో నుండరాదు. ఇరువురు అధ్యాపకులు, నలుగురు విద్యార్థులు గల చిన్న సంఘమును ఏర్పరచుడు. ఆ నలుగురిలో ఇరువురు ఉర్దూవారు, ఇరువురు తెలుగువారు. అందు సగము బాలికలు. జూమ్లాలో వ్రాయువాడు, దిద్దువాడు, ప్రకటించువాడు అని వేర్వేరు అధికారములు కలవు. విద్యార్థి వ్రాయును, అధ్యాపకుడు చూచి ప్రకటించును. ప్రతి ప్రకటనకును ముగింపు తేదీ తప్పనిసరి చేయుడు. మాసమునకొకసారి నకలు తీసి, దానిని కళాశాలలోనే గాక మరొకచోట కూడ దాచుడు. తీసిన నకలు తిరిగి నిలబడునో లేదో ఏడాదికొకసారి పరీక్షించుడు. ఈ పద్ధతులన్నియు రెండు భాషలలో వ్రాసి ఉంచుడు. ఆ పుస్తకములో ‘ఆరవ మాటను నొక్కుము’ అని యుండరాదు. ఏ పని ఎందులకు చేయుచున్నామో యుండవలెను. అప్పుడు ఏ కూర్పు వచ్చినను ఆ పుస్తకము చిత్తుకాగితము కాదు.

విద్యార్థులారా, దీనిని కంప్యూటరు శాఖవారి పనియని విడువకుడు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులోను, ఉర్దూ వికీపీడియా 2004 జనవరిలోను ఆరంభమైనవి. వానిని పెంచినవారిలో అన్ని వృత్తులవారును కలరు. భాషమీది అభిమానముతో వ్రాతపలక నేర్చుకొనినవారే అధికము. మీరును నేర్చుకొనుడు. తప్పు చేయుటకు భయపడకుడు. నకలుమీద ఎన్ని తప్పులైనను చేయవచ్చును. నావంటి పెద్దవాడు మీయొద్ద నేర్చుకొనుటకు వచ్చినపుడు విసుగుకొనక, ఆ విద్యార్థి అడిగిన ప్రశ్నయే అడుగుడు: ఏమి చేయదలచితిరి?

మీ చేతిలోని ఈ సంచికను చూడుడు. ఎడమ అట్ట తెరచిన తెలుగు, కుడి అట్ట తెరచిన ఉర్దూ. రెండును నడుమ ఒకే కుట్టునకు కలిసియున్నవి. మన రెండవ ద్వారమును అట్లే యుండవలెనని నా కోరిక. ఆళ్లగడ్డనుండి తెరచినవాడు తన భాషలో, తన లిపిలో, సరియైన తేదీని చదివి, సరియైన దినమున బస్సు ఎక్కవలెను. గత సంవత్సరపు పరీక్ష ప్రకటన తెలుగులోను ఉర్దూలోను సక్రమముగా కనబడినది; గడువు ముగిసిన నాటి రాత్రి తనంతట తాను తొలగిపోయినది. ఆ దినము ఆళ్లగడ్డనుండి నాకు ఫోను ఏదియు రాలేదు.